కైడన్ మారిపోయాడా?

వీడియో గేమ్ అంటే కాల్పులూ, కార్ల పందేలే అనుకునేవాళ్లకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. కథ ప్రధానంగా నడిచే గేముల్లో ప్రేమకు పెద్ద చోటే ఉంటుంది. ఆడేవాళ్లు నాయకుడినో నాయికనో ఎంచుకుని, వెంట ఉండే పాత్రలతో మాట్లాడుతూ, ఆపదలో ఆదుకుంటూ, కానుకలిస్తూ పోతే వారిలో ఒకరితో ప్రేమ మొదలవుతుంది. ఎవరు ఎవరిని ప్రేమించవచ్చన్నది రచయితలు ముందే తేల్చి పెడతారు. మగ నాయకుడైతే ఫలానా అమ్మాయి, ఆడ నాయిక అయితే ఫలానా అబ్బాయి అన్నది చాలాకాలం వాడుకలో ఉన్న లెక్క.

ఆ లెక్కను మధ్యలో తిరగరాస్తే ఏమవుతుందో కైడన్ అలెంకో చూపించాడు. కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ తీసిన అంతరిక్ష కథ మాస్ ఎఫెక్ట్‌లో కైడన్ ఒక సైనికాధికారి. నెమ్మదస్తుడు, తలనొప్పితో బాధపడేవాడు. కుర్రతనంలో శిక్షణ శిబిరంలో రానా అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆమెను హింసించిన శిక్షకుడిని ఆవేశంలో చంపేశాడు. ఆ తర్వాత ఆమె అతన్ని చూసి భయపడి దూరమైంది. 2007లో వచ్చిన మొదటి భాగంలో ప్రధాన పాత్ర కమాండర్ షెపర్డ్ ఆడమనిషైతేనే కైడన్‌తో ప్రేమ సాధ్యం. 2012లో వచ్చిన మూడో భాగంలో షెపర్డ్ మగవాడైనా సాధ్యమైంది. ఒక హోటల్లో భోజనం దగ్గర కూర్చుని, తను ఇన్నాళ్లూ ఎవరితోనూ ఎందుకు కుదురుకోలేదో కైడన్ తనలో తానే తడుముకుంటున్నట్టు చెబుతాడు. ఇప్పటికే మనసుకు దగ్గరైన మనిషితో ఇంకాస్త లోతైన బంధం కావాలంటాడు. అప్పటికి కథలో అతని వయసు ముప్పై అయిదు దరిదాపుల్లో ఉంటుంది. తనకంటూ ఏ పేరూ పెట్టుకోడు.

దీని మీద వచ్చిన అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మొదటి భాగంలో అమ్మాయిలను ఇష్టపడినవాడు మూడో భాగంలో అబ్బాయిని ఎలా ఇష్టపడతాడు? ఆడేవాళ్లను మెప్పించడానికి పాత్రను మార్చేశారు కదా? కథలో పాత్ర స్థిరంగా ఉండాలని కోరుకోవడం న్యాయమే. కానీ ఈ అభ్యంతరం కింద ఒక నమ్మకం దాగి ఉంది. రానా మీద ఇష్టం నిజమైతే షెపర్డ్ మీద ఇష్టం అబద్ధం, షెపర్డ్ మీదది నిజమైతే రానా మీదది అబద్ధం, రెండూ నిజం కాలేవు అన్నది ఆ నమ్మకం. ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా ఆకర్షణ ఉండే బైసెక్సువల్ మనుషుల జీవితం ఇక్కడే అర్థం కాకుండా పోతుంది.

1948లో అమెరికా పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ మనుషుల ఆకర్షణను సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలబద్ద మీద పెట్టాడు. ఒక చివర పూర్తిగా ఎదుటి లింగం మీద ఆకర్షణ, ఇంకో చివర పూర్తిగా తన లింగం మీద. ఆ రోజుల్లో అది పెద్ద ముందడుగే, మధ్యలో ఉన్నవాళ్లకు చోటు దొరికింది. కానీ ఒకే గీత కాబట్టి ఒక వైపు జరిగితే రెండో వైపు తగ్గినట్టే లెక్క. 1980లో మైకేల్ స్టార్మ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇవి ఒక గీతకు రెండు చివరలు కావు, విడివిడిగా కొలవాల్సిన రెండు విషయాలు అన్నాడు. ఒకటి పెరిగినంత మాత్రాన రెండోది తగ్గనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే 2004లో వచ్చిన ది సిమ్స్ 2 అనే గేమ్ లోపల లెక్క సరిగ్గా ఇలాగే ఉంటుంది. అందులో బొమ్మ మనుషులతో ఇల్లు కట్టించి, ఉద్యోగాలు చేయించి, కాపురం పెట్టిస్తాం. ఒక్కో మనిషికీ మగవాళ్ల వైపు మొగ్గు ఒక అంకె, ఆడవాళ్ల వైపు మొగ్గు ఇంకో అంకె. ఆడేవాళ్లకు ఆ అంకెలు కనబడవు. ఆ మనిషి ఎవరితో సరసాలాడితే ఆ వైపు అంకె కదులుతుంది. రెండో అంకెను ఎవరూ ముట్టుకోకపోతే అది అలాగే పడి ఉంటుంది.

మనిషి మనసు రెండు అంకెలు కాదు, నిజమే. కానీ ఆలస్యంగా తెలుసుకోవడం ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది. మగవాళ్ల మీదే ఆకర్షణ ఉన్న అబ్బాయికి, అమ్మాయిల గురించి తోటివాళ్లు చెప్పుకునేది తనకెందుకు అనిపించడం లేదన్న వెలితి చిన్నప్పుడే తగలవచ్చు. ఇద్దరి మీదా ఆకర్షణ ఉన్నవాడికి ఆ వెలితే ఉండకపోవచ్చు. అందరిలాగే ఒక అమ్మాయి నచ్చింది, ఆ ఇష్టం నిజమైనదే, చుట్టూ ఉన్న లోకం దాన్ని మెచ్చుకుంది. ఇంక వెతుక్కోవాల్సిన అవసరమేముంది? స్నేహితుడి మీద కలిగిన ఇంకో రకం ఇష్టాన్ని అభిమానమనో, గౌరవమనో సర్దేసుకుంటాడు. ముప్పై ఏళ్లకో యాభై ఏళ్లకో ఎప్పుడో అది సర్దుబాటుకు లొంగదు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు, పదిహేనేళ్లకే తెలిసినవాళ్లూ ఉంటారు. ఆలస్యంగా తెలిసిన చోట మాత్రం పాత ప్రేమను నటనగా కొట్టేయాల్సిన పని లేదు.

ఆ లెక్కన కైడన్ కథలో పొరపాటేమీ లేదు. రానా అలాగే ఉంది, ఆ గాయమూ అలాగే ఉంది. ఇంకో విషయం కూడా ఉంది. మొదటి భాగం ఫైళ్లను తవ్విన అభిమానులకు, మగ షెపర్డ్‌తో కైడన్ ప్రేమకు సంబంధించి రికార్డు చేసి వాడకుండా వదిలేసిన మాటలు దొరికాయి. అంటే 2007లో మూసి ఉన్న తలుపు పాత్రది కాదు, గేముది. అదే గేములో లియారా అనే గ్రహాంతర స్త్రీని మాత్రం ఆడ షెపర్డ్ కూడా ప్రేమించవచ్చు. ఆమె జాతిలో లింగభేదమే లేదని కథ చెబుతుంది కాబట్టి అది చెల్లిపోయింది. ఆ కాలపు జంకు ఎంత చిత్రమైనదో!

ఇప్పుడు చాలా గేములు తలుపులన్నీ తెరిచేశాయి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో నాయక పాత్ర ఆడైనా మగైనా వెంట వచ్చే సహచరులతో ప్రేమ కుదురుతుంది. ఆడేవాళ్లకు ఇది హాయి. విమర్శకుల్లో కొందరు మాత్రం, ఆడేవాళ్లు ఎవరైతే వాళ్లకు తగ్గట్టు మారే పాత్రకు సొంత మనసు ఉన్నట్టా అని అడుగుతారు. నా దృష్టిలో దీనికి జవాబు తలుపు తెరిచి ఉందా లేదా అన్న దానిలో దొరకదు. ఆ పాత్ర గతాన్ని గేమ్ ఏం చేసిందో చూడాలి.

2011లో వచ్చిన డ్రాగన్ ఏజ్ 2లో ఆండర్స్ అనే మంత్రగాడున్నాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన గేములో అతను అందమైన అమ్మాయిల గురించి జోకులేసే సరదా మనిషి. రెండో గేములో కార్ల్ అనే పాత నేస్తాన్ని కాపాడబోయి, కాపాడలేక, అతను కోరినందుకే తన చేతులతో చంపుతాడు. ప్రధాన పాత్ర మగవాడైతే, కార్ల్ ఒకప్పుడు తన ప్రియుడని ఆండర్స్ చెబుతాడు. ఆడదైతే ఆ మాట ఎత్తడు. ఇది గేమ్ రాజీపడటమే అని కొందరికి కోపం. నాకు మాత్రం ఇది నిజజీవితానికి దగ్గరగానే కనిపిస్తుంది. ఎవరి దగ్గర ఏం చెబితే ఏమవుతుందో తూకం వేసుకుని మాట్లాడటం బైసెక్సువల్ మనుషులకు రోజూ ఉండే పనే. చెప్పనంత మాత్రాన కార్ల్ లేకుండా పోడు.

స్టార్‌డ్యూ వ్యాలీలో లేయా సంగతి వేరు. ఎరిక్ బరోన్ ఒక్కడే ఏళ్ల తరబడి కూర్చుని చేసిన ఈ పల్లెటూరి గేమ్ 2016లో వచ్చింది, ఇప్పుడు ఫోన్లలో కూడా ఆడుకోవచ్చు. పెళ్లాడదగ్గ పన్నెండు మందిలో ఎవరినైనా, ఏ లింగం వారైనా పెళ్లాడవచ్చు. శిల్పాలు చెక్కే లేయాను పాత ప్రేమ వెంటాడుతూ ఉంటుంది, ఆ మనిషి పేరు కెల్. ఆడేవాళ్లు మగ రైతు అయితే కెల్ మగవాడు, ఆడ రైతు అయితే కెల్ ఆడది. ఇక్కడ లేయా తన గురించి కొత్తగా తెలుసుకునేదేమీ లేదు. మనం వచ్చేసరికే ఆమె గతం మనకు సరిపడా మారిపోయి ఉంటుంది. సాఫీగానే ఉంది కానీ ఇది నాకు మింగుడు పడదు.

అదే ఊళ్లో అలెక్స్ ఉన్నాడు. తాతా బామ్మల దగ్గర పెరిగిన ఆటగాడు, తల్లి పోయింది, తాగుబోతు తండ్రి వదిలేశాడు. మొదట్లో ఒట్టి డాబు. మగ రైతు అతని మనసు గెలుచుకుని, స్నేహాన్ని కొలిచే హృదయాల లెక్కలో పది దాకా వెళితే, ఊరి బార్‌లో భోజనానికి పిలిచి, ఒక మగవాడి మీద ఇలా అనిపించడం తనను తికమక పెట్టిందని ఒప్పుకుంటాడు. నాలుగు మాటలే. ఆ నాలుగు మాటల్లో అలెక్స్‌కు మనం రాకముందు కూడా ఒక జీవితం ఉందని తెలుస్తుంది. లేయాకు దక్కనిది అతనికి దక్కింది.

ఈ పద్ధతికీ ఒక ప్రమాదం ఉంది. నువ్వు తప్ప ఇంకే మగవాడి మీదా నాకు ఇలా అనిపించలేదు అనే రకం మాటలు గేముల్లోనూ సినిమాల్లోనూ కొల్లలు. ఆడేవాళ్ల అహానికి అవి తియ్యగా ఉంటాయి. కానీ ఒక మనిషి తన గురించి తెలుసుకున్న విషయం ఇంకొకరు గెలుచుకున్న బహుమతిలా మిగిలిపోతుంది. రేపు ఆ ప్రేమ పోయినా ఆ తెలివిడి పోదు కదా. ఆ తర్వాతి రోజులను చూపించే గేములు అరుదు, ఎందుకంటే చాలా కథలు ముద్దు దగ్గరో పెళ్లి దగ్గరో ఆగిపోతాయి.

ఆగకుండా నడిచేది సిమ్స్ లాంటి గేమే. 2022 జులైలో ది సిమ్స్ 4లో లైంగిక ఆసక్తుల అమరిక చేర్చారు. ఎవరి మీద ఆకర్షణ అన్న ప్రశ్నతో పాటు, ఈ మనిషి ఇంకా అన్వేషిస్తున్నాడా అని కూడా అడుగుతుంది. అవునని పెట్టవచ్చు, కాదని పెట్టవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. పెళ్లయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసిన బొమ్మ మనిషికి కూడా ఆ ప్రశ్న అలాగే తెరిచి ఉంటుంది.