ముక్క పరీక్ష రిపోర్టును అర్థం చేసుకోవడం ఎలా?
(ప్రొస్టేటు కేన్సరు: గ్రేడు, దశ)

సంఘంలో మనకిచ్చే పాల చీటీలో వెన్న శాతం వేరుగా, ఎస్.ఎన్.ఎఫ్. వేరుగా రాసి ఉంటాయి. ఒకటి చూసి రెండవది చెప్పలేము. ప్రొస్టేటు కేన్సరు రిపోర్టు కూడా ఇటువంటిదే. అందులో గ్రేడు ఒకటి, దశ మరొకటి. ఈ తేడా తెలియక, కేన్సరు అన్న మాట వినగానే పాడి గేదెల్ని అమ్మడానికి సిద్ధపడే వారున్నారు. జబ్బును దాచుకొని ముదరబెట్టుకొనే వారూ ఉన్నారు. అందుకే పెద్ద వయసు సభ్యుల కోసం, వారి ఇంటివారి కోసం ఈ విషయాలను వివరిస్తున్నాము.

నమూనా తీయడం

ప్రొస్టేటు గ్రంథి మగవారిలో మూత్రాశయం కింద ఉంటుంది. రక్తంలో పి.ఎస్.ఎ. ఎక్కువైనా, డాక్టరు వేలితో చూసినప్పుడు గ్రంథి గట్టిగా తగిలినా అనుమానిస్తారు. అయితే వయసుతో గ్రంథి పెరిగినా, వాచినా పి.ఎస్.ఎ. పెరుగుతుంది. కావున రక్త పరీక్ష ఒక్కదానితో కేన్సరని తేల్చరు. ముక్క తీసి చూడాలి.

క్యానులో పాలను బాగా కలియబెట్టి నమూనా తీస్తాము. గ్రంథిని కలియబెట్టే వీలు లేదు. అందుకే అల్ట్రాసౌండు సాయంతో సూది పంపి, వేర్వేరు చోట్ల నుండి దారప్పోగుల వంటి ముక్కలు, సాధారణంగా 12 వరకు తీస్తారు. వీలున్న చోట ముందుగా ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానమున్న భాగానికి గురి చూసి కూడా తీస్తారు. జబ్బున్న చోట సూది పడకపోతే కేన్సరు దొరకదు. కనుక "లేదు" అని వచ్చినా, పి.ఎస్.ఎ. పెరుగుతూంటే డాక్టరును మళ్లీ కలవాలి.

పాల నమూనా చెడకుండా ఫార్మలిన్ వేసినట్లే ఈ ముక్కలనూ ఫార్మలిన్‌లో ఉంచుతారు. తరువాత మైనపు దిమ్మలో బిగించి, మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మందాన కోసి, రంగులద్ది, పెథాలజీ డాక్టరు సూక్ష్మదర్శినిలో చూస్తారు.

గ్రేడు అంటే

జబ్బు స్వభావం ఎంత చెడ్డదో చెప్పేది గ్రేడు. దీనికి 1966లో అమెరికా డాక్టరు డొనాల్డ్ గ్లీసన్ ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. కేన్సరు కణాలు చిన్న చిన్న గ్రంథులుగా విడివిడిగా ఏర్పడి ఉంటే 3. అవి ఒకదానిలో ఒకటి కలిసి, ఆకారం చెడితే 4. గ్రంథుల రూపమే లేకుండా కణాలు చెదిరి ఉంటే 5. ముక్క పరీక్షలో ఎక్కువగా కనిపించే రకం అంకె మొదట, మిగిలిన వాటిలో అతి చెడ్డ దాని అంకె తరువాత వేసి కూడుతారు. ఒకే రకం ఉంటే ఆ అంకెనే రెండుసార్లు వేస్తారు.

ముక్క పరీక్షలో 1, 2 అంకెలు ఇప్పుడు ఇవ్వడం లేదు. కావున 3+3=6 అన్నదే అతి తక్కువ. పదికి ఆరంటే జబ్బు సగం దాటిందని భయపడనక్కరలేదు. ఈ గందరగోళం పోవడానికే 2014లో అంతర్జాతీయ నిపుణులు 1 నుండి 5 వరకు గ్రేడు గ్రూపులను అంగీకరించారు:

మొత్తం 6 — గ్రూపు 1
3+4=7 — గ్రూపు 2
4+3=7 — గ్రూపు 3
మొత్తం 8 — గ్రూపు 4
మొత్తం 9, 10 — గ్రూపు 5

3+4, 4+3 రెండూ ఏడే అయినా ఒకటి కావు. రెండవ దానిలో చెడ్డ రకమే ఎక్కువ.

దశ అంటే

జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పేది దశ. దీనిని టి, ఎన్, ఎం అనే అక్షరాలతో రాస్తారు. టి1 అంటే వేలికి తగలనిది. టి2 గ్రంథి లోపలే ఉన్నది. టి3 గ్రంథి దాటినది. టి4 మూత్రాశయం, పురీషనాళం వంటి పక్క భాగాలకు పాకినది. ఎన్1 అంటే దగ్గరి లింఫు గ్రంథులకు, ఎం1 అంటే ఎముకల వంటి దూర భాగాలకు చేరినదని. సూది ముక్కతోనే దశ తేలదు, స్కానులూ కావాలి.

ఆపరేషనుతో గ్రంథిని తీసివేస్తే, దాని పైభాగానికి సిరా పూసి కోస్తారు. సిరా దాకా కేన్సరు కనిపిస్తే "మార్జిన్ పాజిటివ్" అని రాస్తారు. అంటే కొంత లోపల మిగిలి ఉండవచ్చని హెచ్చరిక.

సభ్యులు గమనించవలసినవి

1. రిపోర్టుపై పేరు, వయసు, నెంబరు సరిచూసుకోవాలి. సీసా మారితే ఒకరి జబ్బు మరొకరికి అంటగట్టినట్లే.
2. ఎన్ని ముక్కలు తీశారు, ఎన్నింటిలో కేన్సరుంది, ఒక్కొక్క దానిలో ఎంత భాగం ఉన్నదో అడగాలి.
3. గ్లీసన్ అంకెలు, గ్రేడు గ్రూపు రెండూ ఉన్నాయో లేదో చూడాలి.
4. అసలు రిపోర్టును భద్రపరచాలి. స్లైడులు, మైనపు దిమ్మలు ఆసుపత్రిలో ఉంటాయి. వాటిని అడిగి తీసుకొని వేరొక పెథాలజీ డాక్టరుకు చూపించవచ్చు. ముక్క మళ్లీ తీయనక్కరలేదు.

గ్రూపు 1లో, జబ్బు గ్రంథి లోపలే కొద్దిగా ఉంటే చాలామందికి వెంటనే ఆపరేషను అవసరం ఉండదు. పి.ఎస్.ఎ., అవసరమైనప్పుడు మళ్లీ ముక్క పరీక్ష చేస్తూ కనిపెట్టి ఉంటారు. అయితే చెప్పిన తేదీకి తప్పక వెళ్లాలి. గ్రూపు 4, 5 అయితే ఆలస్యం చేయరాదు. వైద్యం ఏదైనా గ్రేడు, దశ, పి.ఎస్.ఎ. మూడూ కలిపి చూసి డాక్టరు నిర్ణయించవలసినదే. పశువును అమ్మే ముందు ఈ మూడూ తెలుసుకోవలసిందిగా సభ్యులకు మనవి చేస్తున్నాము.