పోయిన వెలుగు... మళ్లీ తేవచ్చు!

మదనపల్లె మార్కెట్లో గుట్టలుగా పోసిన టమోటాలను ఓసారి గమనించండి. ఎరుపు ఒక్కటే కాదు, ప్రతి కాయ మీదా మెరిసే ఓ తెల్లని చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క ఉంటేనే కాయ గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. నీటిరంగులతో బొమ్మ వేస్తూ పొరబాటున ఆ చుక్క మీదా ఎరుపు పూసేశారనుకోండి... కాయ కాస్తా ఎర్రటి బిళ్ల అయిపోతుంది!

పెన్సిల్ గీత తప్పితే రబ్బరుంది. ఆయిల్ పెయింటింగులో తప్పితే పైన ఇంకో రంగు వేసేయొచ్చు. నీటిరంగుల్లో ఆ వీలు లేదన్న నమ్మకంతోనే ఎంతోమంది పిల్లలు గంటల తరబడి కష్టపడి వేసిన బొమ్మను ఉండచుట్టి బుట్టలో పడేస్తారు. పెద్దలూ అందుకు మినహాయింపు కాదు. నిజానికి పోయిన ఆ వెలుగును చాలావరకు వెనక్కి తేవచ్చు. కావలసినవి శుభ్రమైన నీళ్లు, కుంచె, టిష్యూ కాగితం... వీటన్నిటికన్నా ముఖ్యంగా ఓపిక.

తెలుపు ట్యూబులో లేదు

నీటిరంగు అద్దంలాంటిది. వెలుతురు ఆ పల్చని పొరలోంచి లోపలికి వెళ్లి, కింద ఉన్న తెల్లకాగితానికి తగిలి వెనక్కి వస్తుంది. బొమ్మలోని కాంతి అంతా కాగితానిదే. కాబట్టి వెలుగును 'వేయడం' ఉండదు, 'వదిలేయడమే' ఉంటుంది. వదలడం మరచిపోతే చేయాల్సింది పైన పూయడం కాదు, కింద ఉన్న కాగితాన్ని మళ్లీ బయటకు తీయడం.

రంగు తడిగా ఉండగానే తప్పు తెలిస్తే పని సులువు. టిష్యూ కాగితాన్ని కొనదేల్చి ఆ చోట అద్ది తీసేయాలి. రుద్దకూడదు. కుంచెను నీళ్లలో ముంచి, గుడ్డకేసి పిండి, కొనతో తాకినా చాలు, దాహంగా ఉన్న కుంచె రంగును తాగేస్తుంది. టమోటా మీది చుక్కకు ఈ చిట్కా సరిపోతుంది. ఆలస్యం చేసేకొద్దీ రంగు కాగితపు పోగుల్లోకి దిగిపోతుంది.

పుంగనూరు ఆవు వీపు మీద...

ఆరిపోయాక తప్పు కనిపిస్తే? మదనపల్లె పక్కనే ఉన్న పుంగనూరుకు పేరు తెచ్చిన పొట్టి ఆవునే తీసుకుందాం. తెలుపు, లేత బూడిద రంగుల్లో ఎక్కువగా కనిపించే ఈ ఆవు బొమ్మలో, ఎండపడే వీపు భాగమంతా కాగితపు తెలుపే. నీడ కోసం వేసిన నీలి బూడిద రంగు వీపు మీదికి పాకితే ఆవు మబ్బుపట్టినట్టు ఉంటుంది. ఇక్కడి వెలుగు చుక్కలా ఉండదు. అంచు తెలియకుండా మెల్లగా నీడలో కలిసిపోతుంది.

అందుకని ఆ భాగాన్ని ముందు శుభ్రమైన నీటితో తడపాలి. కాసేపు ఆగాలి. రంగు మెత్తబడ్డాక కాస్త బిరుసు వెంట్రుకల కుంచెతో రెండు మూడుసార్లు నెమ్మదిగా కదిపి, వెంటనే టిష్యూతో అద్దాలి. పూర్తిగా ఆరనిచ్చి చూసుకుని, అవసరమైతే మళ్లీ చేయాలి. ఒకేసారి తెల్లగా రావాలని రుద్దితే కాగితం నూగు లేస్తుంది. ఇక ఆ చోట ఏ రంగు వేసినా మరకే.

కుప్పం రాతి మీద గీత

కుప్పం ప్రాంతపు ఆకుపచ్చ గ్రానైటును పాలిష్ పట్టాక చూస్తే కిటికీ వెలుతురు దాని మీద నిటారుగా ఓ గీతలా పడుతుంది. ఈ వెలుగుకు అంచు కత్తిరించినట్టుండాలి. చేత్తో రుద్దితే ఆ పదును రాదు. పాత ప్లాస్టిక్ షీటులో కావలసిన ఆకారాన్ని బ్లేడుతో కోసి బొమ్మ మీద ఆనించాలి. ఆ సందులో మాత్రమే తడి స్పాంజితో అద్ది రంగు తీయాలి. స్పాంజిలో నీళ్లు ఎక్కువైతే అంచుల కిందికి కారిపోతాయి, జాగ్రత్త!

అదే చెరువు నీళ్ల మీది తళుకులైతే బ్లేడు కొనతో కాగితాన్ని పైపైన గీరవచ్చు. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ (1775-1851) ఇలాంటి వెలుగుల కోసం గోటిని కూడా వాడేవారు. అయితే ఇది చిట్టచివరి పని. బొమ్మ పూర్తిగా ఆరాకే చేయాలి, గీరిన చోట మళ్లీ రంగు వేయకూడదు. చిన్నపిల్లలైతే బ్లేడు పని పెద్దలకే వదిలేయాలి.

మొండి రంగులు, మంచి రంగులు

అన్ని రంగులూ ఒకేలా మాట వినవు. అల్ట్రామెరీన్ నీలం, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా వంటివి కాగితం పైపొరలోనే ఎక్కువగా నిలుస్తాయి, తడిపితే చాలావరకు వచ్చేస్తాయి. ప్రష్యన్ బ్లూ, థాలో నీలం, థాలో ఆకుపచ్చ, అలిజరిన్ క్రిమ్సన్ మాత్రం చీరకు పట్టిన పసుపు మరకలాంటివి. ఎంత తీసినా ఛాయ మిగులుతుంది.

కాగితం సంగతీ అంతే. పల్చటి డ్రాయింగ్ షీటు రెండోసారి తడిపేసరికే నలిగిపోతుంది. 300 జీఎస్ఎం నూలు కాగితమైతే చాలా మర్దన తట్టుకుంటుంది. పాత బొమ్మ మీదో, అదే కాగితపు ముక్క మీదో ముందుగా పరీక్షించి చూసుకుంటే అసలు బొమ్మకు ముప్పుండదు.

బొమ్మనే నీళ్లలో ముంచారు!

నీళ్లు తగిలితే బొమ్మ పాడవుతుందని భయపడేవారు 'వాష్' పద్ధతి గురించి తెలుసుకోవాలి. 1903లో జపాన్ చిత్రకారులు యోకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. వాళ్ల పనితీరు చూసిన అవనీంద్రనాథ్ ఠాగూర్ తనదైన వాష్ పద్ధతిని రూపొందించారు. రంగు వేయడం, ఆరనివ్వడం, కాగితాన్ని నీళ్లతో తడిపి పైరంగును వదిలించడం, మళ్లీ వేయడం... ఇలా పొరలు పొరలుగా సాగుతుందది. అక్కడ రంగు తీయడం తప్పు దిద్దుకోవడం కాదు, చిత్రరచనలో భాగమే. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చదివిన అడివి బాపిరాజు లాంటి తెలుగు చిత్రకారులకూ ఆ శైలి అబ్బింది.

ఆ బెంగాల్ శైలికి దక్షిణాదిన గట్టి ప్రచారకుడు మదనపల్లెలోనే ఉండేవారు. ఆయనే దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించిన సంగతి అందరికీ తెలుసు. అప్పుడు ఆయనకు ఆతిథ్యమిచ్చింది కజిన్సే. కొత్త తరం భారతీయ చిత్రకళకు మైసూరు, తిరువనంతపురం చిత్రశాలల్లో చోటు దక్కడం వెనకా ఆయన కృషి ఉంది.

తెల్లరంగు వాడకూడదా?

వాడొచ్చు. 1834లోనే ఇంగ్లండులో 'చైనీస్ వైట్' పేరుతో జింకుతో చేసిన తెల్లరంగు నీటిరంగుల వాళ్లకోసం మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు తెల్ల గ్వాష్ కూడా దొరుకుతోంది. మొండి రంగు ఎంతకూ వదలనప్పుడు, కంట్లో మెరుపులాంటి చిన్న చుక్కకు అది చక్కగా ఉపయోగపడుతుంది. కానీ పెద్ద జాగాలో పూస్తే సున్నం కొట్టినట్టు, చుట్టూ ఉన్న పల్చని రంగుల మధ్య అతుకులా కనిపిస్తుంది. ఎండ వెలుగుకైతే అందులో ఇసుమంత పసుపు కలపాలి.

ఏదీ కుదరకపోతే ఇంకో ఉపాయం. వెలుగును ముట్టుకోకుండా దాని చుట్టూ ఉన్న నీడను ఇంకాస్త ముదురు చేయండి. మిగిలిన లేత ఛాయే తెల్లగా కనిపిస్తుంది. అమావాస్య రాత్రి చిన్న దీపం కూడా పెద్దగా కనిపించదూ... అలాగన్నమాట.

ఇంతకీ పోయిన వెలుగులన్నీ తిరిగి రావాల్సిన పనిలేదు. గుట్టలో ఉన్న వంద టమోటాలూ మెరవాలని చూస్తే కాగితం చిరుగుతుంది. ముందువరసలోని రెండు మూడు కాయల మీద చుక్క తెస్తే చాలు, మిగతావాటిని చూసేవాళ్ల కన్నే మెరిపించుకుంటుంది. ఈసారి మీవాడు బొమ్మ చెడిపోయిందంటూ కాగితం ఉండచుట్టబోతే ఆపండి. చేతికో టిష్యూ ఇచ్చి, ఏ వెలుగు ముఖ్యమో అడగండి!