ఆపరేషన్‌కు ఒప్పించిన పొరుగింటాయన

శుక్లం ముదిరి చూపు పోయినా ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. అదీ ఖర్చు లేకుండా చేస్తామంటే జనం ఎగబడాలి కదా! దక్షిణాదిలో 90 పల్లెల్లో జరిపిన ఒక పరిశోధనలో తేలింది వేరు. శుక్లాలతో చూపు పోయినవాళ్ళలో సగానికి పైగా, అవకాశం ఉండి కూడా వద్దన్నారు.

1991లో అచ్చయిన ఆ పరిశోధనలో మదురై అరవింద్ కంటి ఆస్పత్రికి పాలుంది. జనాన్ని ఒప్పించడానికి ఎనిమిది పద్ధతులు పరీక్షించారు. ఆపరేషనే కాక మిగతా ఖర్చులు కూడా భరిస్తే ఎక్కువమంది ముందుకొచ్చారు, అది ఊహించిందే. ప్రచార పద్ధతుల్లో మాత్రం అన్నిటికన్నా బాగా పనిచేసింది, అప్పటికే ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఇంటింటికీ వెళ్ళి మాట్లాడటం. ఆ రోజుల్లో కంట్లోని కటకం తీసేసి దళసరి అద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలు పెట్టుకున్నాయన వాకిట్లోకి వస్తే ఏదైనా అడగొచ్చు. నొప్పి పుడుతుందా? ఎన్నాళ్ళు పడుకోవాలి? పొలానికి ఎప్పుడు పోవచ్చు? డాక్టరు ముందు ఇవి అడగడానికి చాలామందికి నోరు పెగలదు.

ఆ ఆస్పత్రిని 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టినవారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా కత్తి పట్టడం నేర్చుకున్న సర్జను. రోగికి ఆపరేషన్ సంగతులు విడమరిచి చెప్పడానికి అరవింద్‌లో తర్వాత ప్రత్యేకంగా కౌన్సెలర్లనే పెట్టారు. మాట్లాడటాన్ని డాక్టరుకు మిగిలిన తీరికకు వదిలేయకుండా ఒకరి ఉద్యోగంగా చెయ్యడం, నా దృష్టిలో, కొత్త యంత్రం కొన్నంత పని.

ఆస్పత్రి రద్దీలో రోగి మాట వినడానికి టైమెక్కడిదని డాక్టర్లు అంటారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఆస్పత్రిలో గడియారం పెట్టి చూశారు. 2002లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం, అడ్డు తగలకుండా వింటే 335 మంది రోగులు సగటున 92 సెకన్లలో తమ బాధ చెప్పడం ముగించారు. ఐదు నిమిషాలు దాటినవాళ్ళు ఏడుగురే.

డాక్టరు చెప్పింది గుర్తుండటం మరో చిక్కు. అలా విన్నదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా వెంటనే మరిచిపోతామని జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. భయం ఉన్నప్పుడు మనసు ఒక్క మాటనే పట్టుకుని మిగతావి వదిలేస్తుంది. ‘అర్థమైందా అవ్వా?’ అంటే ఏ అవ్వైనా తలూపుతుంది. ‘ఇంటికెళ్ళాక ఈ చుక్కలమందు ఎట్లా వేసుకుంటారో చెప్పండవ్వా’ అంటే ఎక్కడ తప్పుందో అక్కడే తెలిసిపోతుంది.

ఏ భాషలో మాట్లాడతామన్నదీ ముఖ్యమే. 1985 దాకా మదురై జిల్లాలో భాగంగా ఉన్న దిండిగల్ వైపు, నాయకరాజుల కాలం నుంచి స్థిరపడ్డ ఎన్నో తెలుగు ఇళ్ళున్నాయి. ఇంట్లో మాట తెలుగు. బడి, బజారు, ఆస్పత్రి అన్నీ తమిళం. తమిళం వాళ్ళకు బాగానే వచ్చు, వ్యవహారానికి లోటు లేదు. కానీ కంటి వెనక పోటునో, రాత్రిళ్ళు పట్టే భయాన్నో చెప్పుకోవాలంటే ముసలివాళ్ళకు ఇంటి మాటే తేలిక. ఆ మాట తెలిసిన నర్సు ఆస్పత్రిలో ఒక్కరున్నా చాలు.

మీ ఇంట్లో శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళుంటే, వాయిదా వేస్తూ కూర్చున్న పక్కింటివాళ్ళ దగ్గరికి ఒకసారి పంపండి.