ఉప్పెన లెక్క

కార్తికమున ప్రత్తిపాటి నల్లరేగడిచేలలో పత్తికాయ పగులును. బంగాళాఖాతమున తుపానులు లేచునదియు అప్పుడే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. చిత్రమేమనగా, ఉప్పెన యెంత యెత్తు లేచునో ముందే లెక్కకట్టవచ్చునని వాతావరణ శాస్త్రజ్ఞుడు పి. కె. దాస్ 1972లోనే చూపియుండెను! లెక్క కాగితముపై నుండెను. తీరమున జనము పోయిరి.

గాలివేగము, వాయుపీడనము, సముద్రపు లోతు తెలిపినచో, నీటి కదలికను చెప్పు సమీకరణములను కంప్యూటరు అడుగడుగున సాధించుచు పోవును. వీనిలో లోతు ముఖ్యము. అది తక్కువైనకొలది, గాలి తోసిన నీరు అడుగునుండి వెనుకకు మరలలేక పైకెగయును. దివిసీమవంటి పల్లమున దానికిక అడ్డేమున్నది?

నేడు హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఆ లెక్కను తుపాను తీరము చేరకముందే కట్టుచున్నది. తప్పదా? తప్పును. తుపాను దారి కొంచెము మారిన, మునిగెడి ఊరే మారును. కావున వాతావరణశాఖ క్రొత్తదారి తెలిపిన ప్రతిసారి లెక్క మరల మొదలు.