నాన్నగారి రాజ్‌దూత్ మళ్లీ పలికింది

పాత బండి రిపేరు అనగానే అది మగవాళ్ల వ్యవహారమని మనం పక్కకు తప్పుకుంటాం. డబ్బు మాత్రం ఇంటి ఖర్చులోంచే పోతుంది! ఏం మార్చారో, ఎందుకు మార్చారో తెలియకుండా బిల్లు కట్టేయడమంటే, కొలతలివ్వకుండా జాకెట్టు గుడ్డ దర్జీకి ఇచ్చి వచ్చినట్టే.

మా నాన్నగారి రాజ్‌దూత్ 175 పుట్టింటి పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉంది. పాలక్యాన్లు కట్టుకుని ఆ బండి మీద తిరిగే మమ్మల్ని చదివించారాయన. ఆయన పోయాక, తూకానికి ఇచ్చేద్దామన్నాడు తమ్ముడు. "ఎక్కి తిరక్కపోతే పోనీ, దాని చప్పుడు ఒక్కసారి వింటే చాలు" అంది అమ్మ. తమ్ముడిది దూరాభారం ఉద్యోగం. బండిని విజయవాడ ఆటోనగర్‌కు చేర్చే పని నా మీద పడింది.

పోలండ్‌వారి ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నమూనాతో 1960ల్లో ఎస్కార్ట్స్ సంస్థ మన దేశంలో తెచ్చిన బండి ఇది. 173 సీసీ, టూ స్ట్రోక్. 1973లో 'బాబీ' సినిమాతో కుర్రకారును ఊపేసిన చిన్న బండి దీని తోబుట్టువే.

ఇంజను సంగతి

టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ కిందున్న క్రాంకు గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. పెట్రోలు కలిసిన గాలిని పీల్చి పైకి నెట్టేది ఆ గదే. ఏళ్లతరబడి బండి నిలబెట్టేస్తే క్రాంకు చివర్లలోని ఆయిల్ సీళ్లు గట్టిపడి చిట్లుతాయి. దొంగదారిన గాలి దూరి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. అందుకే "పైపైన బోరు కొట్టిద్దాం మేడమ్" అన్న మెకానిక్‌ను కాదని, మొత్తం విప్పి సీళ్లు, బేరింగులు మారుస్తానన్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన సిలిండర్‌ను పైన, మధ్య, కింద కొలిచారు. బాగా అరిగింది. పిస్టన్లు 0.25, 0.50 మి.మీ. చొప్పున పెద్ద సైజుల్లో వస్తాయి. పిస్టన్ చేతికొచ్చాకే దాని కొలతకు బోరు కొట్టించాలన్నది ఆయన షరతు. పొగ పోయే దారిలో పేరుకున్న మసి కూడా గీకించారు.

నిప్పురవ్వ కథ

పాత పద్ధతిలో పాయింట్లు విడిపోగానే కాయిల్లో కరెంటు ఠక్కున తెగి, ఆ ఊపుకు ప్లగ్గులో రవ్వ పుడుతుంది. పాయింట్లు అరిగేకొద్దీ టైమింగ్ తప్పుతుంది. కండెన్సర్ పోతే అవి కాలిపోతాయి. వానాకాలం పొద్దున్నే నాన్న పదేసి కిక్కులు కొట్టడం నాకింకా గుర్తే.

సీడీఐలో ఒకదాన్నొకటి తాకే పాయింట్లుండవు. కెపాసిటర్లో దాచిన కరెంటు, పికప్ కాయిల్ సైగ చేయగానే విడుదలవుతుంది. అయితే డబ్బా ఒక్కటి తగిలిస్తే చాలదు. లోపలి మాగ్నెట్, కాయిల్ ప్లేటు కూడా మారాలి. అవి క్రాంకు కొనకు సరిగ్గా కూర్చోవాలి. 12 వోల్టులకు మారితే బల్బులు, హారన్, బ్యాటరీ కూడా కొత్తవే. మార్చాక పాత మాగ్నెటోను పారేయనివ్వలేదు, గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను.

మూడో కిక్కుకే బండి పలికింది. ఫోన్‌లో ఆ చప్పుడు విన్న అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మొద్దులే అక్కా" అన్నాడు తమ్ముడు, అడక్కుండానే.

ఇవి మరువకండి

ఈ బండిలో 2టీ ఆయిల్ పెట్రోల్లోనే కలపాలి. మరిచిపోతే కొత్త పిస్టన్ పాడైపోయినట్టే. బోరు కొట్టించాక మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి, బరువులు వేయకూడదు. ఇంజను మీది నంబరును ఎవరినీ గీకనివ్వొద్దు. 15 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి.

రిపేరుకిచ్చే ముందు మూడే ప్రశ్నలు అడగండి: ఏం అరిగింది? ఎంత అరిగింది? తీసిన పాత సామాను నా చేతికిస్తారా? పని తెలిసిన మెకానిక్ వీటికి విసుక్కోడు.