కట్టు - కట్టుబాటు

తెలుగువారు చొక్కాను తొడుక్కుంటారు, పంచెను కట్టుకుంటారు. తొడుక్కునే బట్టకు రూపమిచ్చేవాడు దర్జీ. కట్టుకునే బట్టకు రూపమిచ్చేవాడు కట్టుకున్న మనిషే. మగ్గం దిగిన పంచె నిడుపైన గుడ్డ మాత్రమే. అది నడుమును చుట్టి, కుచ్చిళ్ళుగా మడతపడి, గోచిగా వెనుకకు పోయిన తరువాతనే వేషమవుతున్నది. ఈ ‘కట్టు’ అన్న మాట నుండియే ‘కట్టుబాటు’ పుట్టినది. మనిషి వేషంలో లోకానికి చెందినది ఎంత, అతనికి చెందినది ఎంత అన్న విచారణకు ఈ రెండు మాటలే ఆదిగా నిలుస్తున్నవి.

ఈ విచారణకు యానాం తగిన తావు. గౌతమీ తీరాన ఉన్న ఈ చిన్న పట్టణం 18వ శతాబ్ది నుండి 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉన్నది. విదేశీయులను ఈ తీరానికి రప్పించిన వాటిలో నేతబట్ట ముఖ్యమైనది. చేరువలోని ఇంజరం, నీలపల్లిలలో ఆంగ్లేయులు వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు వారి నోట ‘మడపొల్లం’గా మారి, ఐరోపా అంగళ్ళలో ఒక నూలుబట్టకే పేరై నిలిచినది. ఇక్కడి బట్ట సముద్రాలు దాటినది. అక్కడి పంట్లాము, బూటు ఇక్కడికి వచ్చినవి. ఆ రెండింటి నడుమ పంచె మాత్రం తన చోటు వదలలేదు.

పంచె ఒక్కటే అయినా కట్టు ఒక్కటి కాదు. పొలంలో దిగిన రైతు మోకాళ్ళ పైకి ఎగగట్టి గోచి బిగిస్తాడు. బురదలో నడిచేవానికి అదే అనువు. నదిపై వల వేసే జాలరికి అంతకంటె కురుచ కట్టు కావాలి. వైదిక కర్మలో కూర్చున్న గృహస్థు కచ్ఛం పెట్టి కట్టుకుంటాడు. ఇంటిపట్టున ఉన్నవాడు అడ్డకట్టుతో సరిపెట్టుకుంటాడు. పెళ్ళిపీటలపై వరుడు మధుపర్కాలు ధరిస్తాడు. పని, సమయం, సందర్భం - ఈ మూడూ కలిసి ఏర్పరచిన మర్యాదలు ఇవి. వీటిలో చాలావాటికి వెనుక ఒక ఉపయోగం ఉన్నది.

అయితే మర్యాద లోపలనే మనిషి తన ముద్ర వేసుకుంటాడు. ఒకడు కుచ్చిళ్ళు సన్నగా తీస్తాడు. మరొకడు వెడల్పుగా వదులుతాడు. గంజి పెట్టి చలువ చేసిన పంచె పెళపెళలాడితేనే ఒకనికి తృప్తి. మెత్తని ఖద్దరు ఇంకొకనికి ప్రీతి. కుచ్చిళ్ళ కొసను చేత పట్టుకొని నడిచే తీరును బట్టియే దూరం నుండి ఫలానావారని గుర్తుపట్టవచ్చును. ఛందస్సు ఒక్కటే అయినా ఇద్దరు కవుల పద్యాలు ఒక్కటిగా ఉండవు. గణాలు, యతిప్రాసలు అందరివీ. నడక మాత్రం ఎవరిది వారిదే. పంచెకట్టు తీరూ ఇటువంటిదే.

ఇంతవరకు వినుటకు సొంపుగానే ఉన్నది. కాని కట్టుబాటుకు రెండవ ముఖం కూడా కలదు. తెలుగు పల్లెలలో అణగారిన కులాలవారు అగ్రవర్ణాల యెదుట పంచెను మోకాళ్ళ కిందికి దించరాదు, భుజంపై కండువా ఉంచుకొనరాదు అన్న నిర్బంధం ఎన్నో చోట్ల సాగినది. అక్కడ ‘ఎట్లా కట్టవలెను’ అన్నది ప్రశ్న కాదు. ‘ఎవరు కట్టవచ్చును’ అన్నదే ప్రశ్న. మొదటిది మర్యాద, రెండవది సంకెల. సంప్రదాయమన్న ఒకే పేరుతో ఈ రెండింటినీ పిలిచినందువల్ల ఎంతో అన్యాయం జరిగినది.

యానాం వలెనే ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరిలో 1873లో ఇటువంటి వివాదమే తలెత్తినది. పొన్నుతంబి పిళ్ళై అనే న్యాయవాది ఐరోపా తరహా బూట్లు తొడుక్కొని న్యాయస్థానానికి రాగా అక్కడ అడ్డు చెప్పారు. ఆయన పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచాడు. ఒక జత బూట్ల కోసం అంత దూరం పోవలెనా అని నేటి విద్యార్థికి తోచవచ్చును. ఆయన కోరినది బూట్లు కాదు. తన కాళ్ళకు ఏమి తొడగవలెనో తాను నిర్ణయించుకొనే హక్కు. సరిగా దీనికి ఎదురు వైపున 2014లో తమిళనాట ఒక క్లబ్బు పంచె కట్టుకున్న న్యాయమూర్తిని లోనికి రానీయలేదు. ఆ ఏడాదే అటువంటి ఆంక్షలను తొలగిస్తూ ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసినది. నాడు బూటుకు, నేడు పంచెకు. అడ్డగించిన బట్ట మారినది. అడ్డగించే బుద్ధి మారలేదు.

స్కాట్లండు దేశపు కిల్టు చరిత్ర ఈ సందర్భంలో స్మరణీయం. మోకాటి వరకు దిగే ఆ గళ్ళ వస్త్రానికి కుచ్చిళ్ళు వెనుక వైపు ఉంటవి. మొదట అదీ పొడవైన కుట్టని దుప్పటియే; దానిని నడుమున పటకాతో బిగించి, మిగిలినది భుజంపై వేసుకునేవారు. 1745 నాటి తిరుగుబాటు అణగిన పిదప 1746లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ వేషాన్ని నిషేధించినది. 1782లో గాని నిషేధం తొలగలేదు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చి తానే కిల్టు ధరించాడు. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క గళ్ళ వరుస అన్న నియమం చాలవరకు ఆ శతాబ్దిలో స్థిరపడినదే. అనాదిగా వచ్చినదని తలచే ఆచారం ఒక్కొక్కప్పుడు తాతల కాలం కూడా దాటదు. ఇది తెలిసినవాడు ఆచారాన్ని ప్రేమించగలడు గాని, దాని పేరిట ఇతరులను దండించలేడు.

నేడు కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుమున అంటించుకునే పట్టీతో పంచెలు అంగళ్ళలో దొరుకుతున్నవి. పెళ్ళినాడు మాత్రమే పంచె కట్టే యువకునికి అవి సులభం. పెద్దలు నవ్వుతారు. కిల్టు కుచ్చిళ్ళూ ఒకనాడు చేతితో పెట్టినవే, తరువాత దర్జీ కుట్టినవే అని వారు తలచుకొనవలెను. కుట్టిన పంచె కట్టుట తప్పు కాదు. కట్టనేర్చుట మరచుట మాత్రం నష్టం. నియమం నేర్చినవాడు దానిని తనకు అనుకూలంగా మలచుకొనగలడు. నేర్వనివానికి మలచుకొనుటకే ఏమీ ఉండదు.

ఈ ప్రాంతపు వీధులలో నేటికీ కనబడే దృశ్యం ఒకటి ఉన్నది. పూలపూల చొక్కా, గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టిన యువకుడు నలుగురితో నవ్వుతూ నిలబడి ఉంటాడు. తనకు చదువు చెప్పిన మాష్టారు అటుగా వస్తే అతని చేయి తనంతట తానే మడతను విప్పి లుంగీని పాదాల దాకా దించుతుంది. చొక్కా ఎంపిక అతనిది. లుంగీ రంగు అతనిది. ఆ దించుట కూడా అతనిదే. ఎవరూ ఆజ్ఞాపించలేదు.