స్వాగతం విద్యార్థికే కాదు, ఇంటివారికీ

సికింద్రాబాద్ నుండి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ప్రతి ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. అల్వాల్‌లోనో, తూంకుంటలోనో, శామీర్‌పేటలోనో బస్సు ఆగుతుంది. ముందుగా తండ్రి దిగుతాడు, భుజం మీద పరుపు చుట్ట. వెనుక తల్లి, చేతిలో పచ్చడి డబ్బాలు సర్దిన సంచి. చివరగా దిగిన అమ్మాయో అబ్బాయో సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని, ఫోనులో దారి వెతుకుతుంటారు. అటు 44వ జాతీయ రహదారి మీద మేడ్చల్, కండ్లకోయ వైపు చూసినా ఇదే.

వారం తిరిగేసరికి ఆ పిల్లల్లో కొందరు మన ఆలయాల్లో చివరి వరుసలో కూర్చుంటారు. ఆరాధన ముగియగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతారు. మనమూ చూసి ఊరుకుంటాం. ఈ వారం మేము రాయదలచింది దాని గురించే.

కాలేజీల ఊరుగా మారిన ప్రాంతం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఇప్పుడు విద్యార్థుల ఊరు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం 2008లో మొదలైంది. మేడ్చల్ దారిలో ఇంజినీరింగ్ కాలేజీలకు లెక్కలేదు. వీటన్నిటికంటే ముందు, 1976లోనే యేసు సభ గురువులు అల్వాల్‌లో లొయోలా అకాడమీని ప్రారంభించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, స్వయంప్రతిపత్తితో నడుస్తున్న ఈ కళాశాలలో మామూలు డిగ్రీలతో పాటు వ్యవసాయ శాస్త్రం, ఆహార సాంకేతిక శాస్త్రం కూడా చదవవచ్చు. పల్లె నుండి వచ్చిన బిడ్డకు తన పొలాన్ని తరగతి గదిలో మళ్లీ చూసుకునే అవకాశం అది.

మన తెలుగు నేల మీద కతోలిక ఉన్నత విద్య ఎక్కువగా ఇలాంటి కళాశాలల రూపంలోనే ఎదిగింది. విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాల 1953 డిసెంబరులో, బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల 1959లో మొదలయ్యాయి. పొరుగున బెంగళూరులో 1882 నాటి సెయింట్ జోసఫ్ కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది.

'కతోలిక' అంటే ఏమిటి?

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. క్రైస్తవేతరులు మొహమాటంతో అడుగుతారు, ఇతర సంఘాల విశ్వాసులు అనుమానంతో అడుగుతారు. గ్రీకు మూలంలో ఆ మాటకు అర్థం సార్వత్రికం, అంటే అందరిదీ అని. విశ్వవిద్యాలయాన్ని సూచించే లాటిన్ మాటకు మొదటి అర్థం కూడా భవనం కాదు, ఒక్కటిగా చేరిన మనుషుల సమూహం. మధ్యయుగాల్లో ఇటలీలోని బొలోనా పట్టణానికి చదువు కోసం దూరదేశాల నుండి వచ్చిన యువకులకు అక్కడ అండ ఎవరూ లేరు. వాళ్లు ఒకరికొకరు తోడుగా సంఘాలు కట్టుకున్నారు. యూరపులోని తొలి విశ్వవిద్యాలయాల్లో ఒకటి ఆ సంఘాల నుండే రూపుదిద్దుకుంది. పరాయి ఊరికి వచ్చినవాడి అవసరమే దానికి పునాది అయిందన్నమాట.

1990 ఆగస్టు 15న రెండవ జాన్ పాల్ పోపుగారు కతోలిక విశ్వవిద్యాలయాల గురించి ఒక అధికార పత్రం వెలువరించారు. ఆ విద్యాసంస్థలు విశ్వాసాన్ని దాచుకోనక్కరలేదు, అయితే అక్కడ చదివే ప్రతి ఒక్కరి మనస్సాక్షి స్వేచ్ఛను గౌరవించి తీరాలి అన్నది అందులో ఒక ముఖ్య విషయం. కాబట్టి హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలు అక్కడ అతిథులు కారు, ఇంటివారే. వారిని ఆదరించడానికి మరో ఉద్దేశం అక్కరలేదు.

గేటు దగ్గర మిగిలేవారు

ఇప్పుడు అన్ని కాలేజీలూ కొత్త విద్యార్థులకు పరిచయ కార్యక్రమం జరుపుతున్నాయి. 2019లో యూజీసీ దీనికి 'దీక్షారంభ్' అనే పేరుతో మార్గదర్శకం కూడా ఇచ్చింది. విద్యార్థికి గులాబీ ఇస్తారు, ప్రాంగణం చూపిస్తారు. మరి వెంట వచ్చిన తల్లిదండ్రులు? చాలామంది జీవితంలో కాలేజీ గేటు దాటడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో సాగే ప్రసంగానికి అందరితో పాటు చప్పట్లు కొడతారు. అర్థం కాని ఫారం మీద చూపించిన చోట సంతకం పెడతారు. సాయంత్రం బిడ్డను హాస్టల్లో దింపి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఊరి బస్సు ఎక్కుతారు.

బైబిలులో హన్నా తల్లి గుర్తుకు వస్తుంది. ఎన్నో ఏళ్లు కన్నీటితో అడిగి కన్న సమూయేలును చిన్నవాడిగా ఉండగానే షిలోహులో వదిలి వెనుదిరిగింది. ఆమె వదిలిన చోటు లోపాలు లేనిదేమీ కాదు, ఏలీ కొడుకులు ఎలాంటివారో మనకు తెలుసు. అయినా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేదని మొదటి సమూయేలు గ్రంథం రెండవ అధ్యాయం చెబుతుంది. ఆ అంగీ కొలత ప్రతి ఏడూ మారి ఉంటుంది. బిడ్డ దూరంగా ఎదుగుతున్నా తల్లి చేతులకు ఆ కొలత తెలియాలి. అది తెలియాలంటే అక్కడ ఉన్నవారు ఆమెను పలకరించాలి. ఇంటివారిని స్వాగతించడం అంటే మా దృష్టిలో ఇదే.

తెలిసి ఉండవలసిన సంగతులు

ప్రేమతో పాటు సమాచారం కూడా ఇవ్వాలి. ప్రతి సంఘంలో కనీసం ఇద్దరు పెద్దలకు ఈ విషయాలు తెలిసి ఉండాలి.

ప్రవేశం సమయంలో కాలేజీవారు ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర ఉంచుకోకూడదు అని యూజీసీ 2018లో స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియక కాగితాలన్నీ అప్పగించి, తర్వాత కాలేజీ మారలేక ఇబ్బంది పడిన కుటుంబాలు ఉన్నాయి.

ర్యాగింగును నిషేధిస్తూ 2009లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లి లేదా తండ్రి వేర్వేరుగా హామీపత్రం ఇవ్వాలి. వేధింపు ఎదురైతే 1800-180-5522 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. ఆ నంబరు మన ఆలయ నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈ-పాస్‌లో దరఖాస్తు చేయాలి. దానికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవ నుండి ముందే తెచ్చుకోవాలి. దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలు బీసీ-సీ వర్గం కిందికి వస్తారు. గడువు దాటితే భారమంతా ఆ ఇంటి మీదే పడుతుంది.

సంఘాలు చేయగలిగినవి

మేము పెద్ద పథకాలు అడగడం లేదు. ప్రవేశాల వారాల్లో దూరపు జిల్లాల నుండి వచ్చిన తల్లిదండ్రులకు ఒక రాత్రి తల దాచుకోవడానికి ఆలయ హాలు తెరిచి ఉంచండి. మొదటి ఆదివారం ఆరాధన తర్వాత కొత్త పిల్లలను పేరు అడిగి తెలుసుకోండి, కలిసి అన్నం తినండి. ఒక్కో కుటుంబం ఒక్కో విద్యార్థిని తనవాడిగా, తన బిడ్డగా చూసుకోవచ్చు. అయితే అది గురువులకు లేదా పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలిసి జరగాలి. ఆ తల్లిదండ్రుల ఫోను నంబరు తీసుకుని నెలకోసారి నాలుగు మాటలు చెప్పండి.

దసరా సెలవుల ముందు మరోసారి పలకరించండి. మొదటి పరీక్షల మార్కులు తగ్గి, ఇంగ్లీషు పాఠం అందక, ఇంటికి చెప్పుకోలేక పిల్లలు లోలోపల కుమిలిపోయే రోజులవి. ఏలీ దగ్గరకు సమూయేలు రాత్రి నిద్ర లేపుతూ మూడుసార్లు పరుగెత్తుకొచ్చాడు. ఆ ముసలాయన విసుక్కోలేదు. అర్ధరాత్రి ఫోను మోగినా విసుక్కోని పెద్దవారు ఒక్కరుంటే చాలు, ఒక ప్రాణం నిలుస్తుంది.

2022లో కార్డినల్ అయిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారి చదువు కూడా ఒకప్పుడు పేదరికం వల్ల ఆగిపోయింది. మిషనరీల చేయూతతో మళ్లీ సాగింది. ఆ చేయి అందినప్పుడు ఆ బాలుడు ఏమవుతాడో ఎవరికీ తెలియదు. చివరి వరుసలో కూర్చున్న పిల్లల సంగతీ అంతే.

కొత్తగా వచ్చిన బిడ్డలారా, మీకు స్వాగతం. మిమ్మల్ని దింపి బస్సెక్కిన అమ్మానాన్నలారా, మీకూ స్వాగతం. మళ్లీ వచ్చినప్పుడు మా ఆలయం గడప తొక్కండి. మీ బిడ్డ ఎంత ఎదిగిందో మేము చెబుతాం.